గాలి లేచిన చెరువులో గాలం: ఎక్కడ కూర్చోవాలి, ఎలా వేయాలి

ఆషాఢం గాలి గురించి మా వరంగల్ వైపు వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి, దండెం మీది బట్టలు పక్కింట్లో తేలతాయి, చెరువు కట్ట మీద నిలబడితే లుంగీ పట్టుకోవడానికే ఒక చేయి సరిపోదు. గాలం వేసేవాళ్లలో సగం మంది ఈ నెలంతా ఇంట్లో కూర్చుంటారు. మిగతా సగం చెరువుకు పోతారు గానీ, తుమ్మచెట్ల చాటున నీళ్లు కదలని మూల ఒకటి వెతుక్కుని, పొద్దుగూకేదాకా బెండు వైపు చూసి, ఉత్త సంచితో తిరిగొస్తారు. నేను చాలా ఏళ్లు ఈ రెండో సగంలోనే ఉన్నాను.

నర్సంపేట దగ్గర ఒక ఊరి చెరువు మీద ఒక పెద్దాయన నా అలవాటు మార్చాడు. ఊరి చేపల సంఘంలో పాత మనిషి. నేను చాటున కూర్చుంటే ఆయన కట్ట మీద అలలు రాళ్లను కొట్టేచోట, తలకు తువ్వాల చుట్టుకుని, గాలికి ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆయన గోనెసంచిలో నాలుగు రవ్వ చేపలున్నాయి. నా దగ్గర ఒక్క జిలేబి చేపపిల్ల. సిగ్గు విడిచి అడిగితే, "ఆడ ఏముంటది బిడ్డా, నీళ్లు సచ్చిపోయి ఉన్నయి. గాలి యాడికి కొడుతదో చేప గాడనే ఉంటది. ఇటొచ్చి కూసో" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఈ పదేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. గాలి వీచే చెరువుల్లో గాలం గురించి వీడియోలు వెతికితే ఎక్కువగా ట్రౌట్ చేప గురించే వస్తాయి. ట్రౌట్ చల్లనీళ్ల చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్, నీలగిరుల్లాంటి చలిచోట్లే దాని ఇల్లు. మే నెలలో మన చెరువు పైనీళ్లు స్నానానికి కాచినట్టుంటాయి, అందులో అది ఒక్కరోజు బతకదు. కాబట్టి ఆ వీడియోల్లోని ఎరలు, ఈకల గాలాలు మనకు పనికిరావు. కానీ గాలి నీళ్లను ఎలా తోస్తుంది, తిండి ఎక్కడ పోగవుతుంది అన్నది ఏ చెరువుకైనా ఒకటే. ఆ భాగం మాత్రం తీసుకోవచ్చు.

మొదటి మెట్టు: అడిగి దిగడం

ఊరి చెరువు అందరిదీ అనుకుని గాలం పట్టుకుని పోకండి. చాలా చెరువుల్లో చేపల హక్కు ఆ ఊరి మత్స్యకారుల సహకార సంఘానిది. పిల్లలు వదిలేదీ, కాపలా కాసేదీ, వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు వలలేసి పట్టి అమ్ముకునేదీ వాళ్లే. ఒక్క గాలానికి వాళ్లు సాధారణంగా వద్దనరు, కానీ అడగకుండా కూర్చుంటే మాత్రం కోపం రావడం న్యాయమే. ఊళ్లోకి పోగానే సంఘం అధ్యక్షుడు ఎవరని హోటల్ దగ్గర అడగండి, ఒక చాయ్ తాగేలోపు పని అయిపోతుంది. కొన్నిచోట్ల రోజుకింత అని తీసుకుంటారు. ఇచ్చేయండి.

పాకాల సంగతి వేరు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన ఆ చెరువు ఇప్పుడు అభయారణ్యంలో ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం తీయకూడదు. ఎంత అందంగా కనిపించినా సరే. కరీంనగర్ దిగువ మానేరు, పోచంపాడు శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల దగ్గర మత్స్యశాఖ నిబంధనలుంటాయి, వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో పట్టొద్దని ఆంక్షలు కూడా పెడతారు. పోయేముందు కనుక్కోండి. చెరువు నిండి మత్తడి దూకేటప్పుడు వరదకు ఎదురెక్కే చేపలు కడుపునిండా గుడ్లతో ఉంటాయి. వాటి జోలికి నేను పోను, మీరూ పోకండి.

రెండో మెట్టు: ఏ గాలి, ఎప్పటి నుంచి

జూన్ నుంచి ఆగస్టు దాకా మనకు ప్రధానంగా పడమటి గాలి, కొంచెం నైరుతికి వాలి ఉంటుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి, అదీ మెత్తగా. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, నాలుగింటికి గాలిదుమారం లేస్తుంది. ఈ మూడింటిలో గాలానికి నిజంగా అనుకూలమైనది మొదటిదే. ఎందుకంటే అది ఒకే దిక్కు నుంచి రోజుల తరబడి వీస్తుంది.

అసలు కిటుకు అక్కడే ఉంది. గాలి ఇప్పుడే దిక్కు మారితే చేప వెంటనే మారదు. తిండి కదలాలి, నీళ్లు కదలాలి, దాని వెనక చిన్న చేపలు కదలాలి, ఆ తర్వాతే పెద్దవి. కనీసం మూడు నాలుగు గంటలు ఒకే వైపు నుంచి వీచి ఉండాలి, రెండు రోజులైతే ఇంకా మంచిది. అందుకే నేను చెరువుకు పోగానే "ఇప్పుడు గాలి ఎటు?" అని చూసి ఊరుకోను. నిన్న ఎటు వీచిందో కట్ట మీద గొర్లు మేపేవాళ్లను అడుగుతాను. గుర్రపుడెక్క ఏ మూలకు చేరిందో చూసినా తెలుస్తుంది. ఆ మొక్క తేలుతూ గాలితో పోతుంది, కాబట్టి నిన్నటి గాలికి అదే సాక్ష్యం.

ఎంత గాలి మంచిది? ఫోనులో వాతావరణం చూపించే యాప్ చాలు. గంటకు 10 కిలోమీటర్ల లోపైతే నీటి మీద ముడతలు మాత్రమే, పెద్ద తేడా ఉండదు. 12 నుంచి 19 మధ్య అలల తలల మీద అక్కడక్కడా తెల్లటి నురగ కనిపిస్తుంది. నాకు ఇష్టమైన గాలి అది. 20 దాటాక నురగ తరచుగా వస్తుంది, బెండు పనికిరాదు, సీసం బరువుతో ఎరను అడుగున ఉంచే అడుగు గాలమే దిక్కు. 30 దాటితే నేను సామాను సర్దేస్తాను. చేప ఉంటుందేమో గానీ నేను ఉండలేను.

పొద్దు విషయం కూడా చూడండి. నేల వేడెక్కే కొద్దీ గాలి పెరుగుతుంది, తొమ్మిది పది గంటలకు లేచి సాయంత్రానికి తగ్గుతుంది. గాలంవాళ్లు సాధారణంగా తెల్లవారుజామునే మంచి సమయం అంటారు. గాలి రోజుల్లో మాత్రం పది నుంచి నాలుగు దాకా కూర్చున్నా పని జరుగుతుంది. అలలు వెలుతురును చెదరగొడతాయి, చేపకు మీ నీడ కనిపించదు, మీ అడుగుల చప్పుడు అలల చప్పుడులో కలిసిపోతుంది. మామూలు రోజుల్లో లోతుకు పోయి దాక్కునే బొచ్చె చేప కూడా ఇలాంటప్పుడు ఒడ్డుకు పది మీటర్ల దూరంలోకి వస్తుంది.

ఇంకో కారణం గాలి పోసే ప్రాణవాయువు. మబ్బు పట్టి గాలి లేని ఉక్కపోత రోజుల్లో తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకి తెరిచి తేలడం చేపల చెరువులు నడిపేవాళ్లందరూ చూసిందే. నీళ్లలో ఊపిరి చాలక అలా చేస్తాయి. ఆ స్థితిలో ఉన్న చేప ఎరను పట్టించుకోదు. అల లేచి నీళ్లు కలిస్తే దానికి ఊపిరి ఆడుతుంది, ఆకలీ వేస్తుంది.

మూడో మెట్టు: ఒడ్డు ఎంచుకోవడం

దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సరైన ఒడ్డున చెడ్డ సామానుతో కూర్చున్నా ఏదో ఒకటి పడుతుంది. తప్పు ఒడ్డున జపాను రీలు పెట్టినా పడదు.

ముందు గాలి తగిలే ఒడ్డుకు పొండి. అంటే గాలి చెరువంతా దాటి వచ్చి చివరికి కొట్టే ఒడ్డు. గాలి పైనీళ్లను, ఆ నీళ్లలోని కంటికి కనిపించని జీవులను, రాలిన పురుగులను, ఈసుళ్లను, తుమ్మపూలను అన్నిటినీ అక్కడికే తోస్తుంది. మన చెరువుల్లో చాలావాటికి ఆ ఒడ్డు కట్టే అవుతుంది. కట్ట తూర్పు వైపున్న చెరువైతే ఆషాఢం పడమటి గాలి నేరుగా రాతి కట్టుబడిని కొడుతుంది. రాళ్ల సందుల్లో నత్తలు, చిన్న రొయ్యలు, నాచు ఉంటాయి. అల కొట్టినప్పుడల్లా అవి ఊడి నీళ్లలో పడతాయి. పెద్దాయన కూర్చున్నది సరిగ్గా అలాంటి చోటే.

కట్ట పొడవంతా ఒకేలా ఉండదు. కిలోమీటరు కట్టలో నాలుగైదు చోట్లే నిజంగా పనికొస్తాయి. నేను చూసే గుర్తులివి.

మొదటిది మూల. గాలి వాలుగా కొట్టినప్పుడు కట్ట, గుట్ట కలిసేచోట తేలినదంతా పోగవుతుంది. నురగ, ఆకులు, చెత్త చేరిన మూల కంటికి అసహ్యంగా ఉంటుంది, గాలానికి బంగారం. ఆ చెత్త అంచున, దానికి రెండు మూడు మీటర్ల అవతల వేయండి, చెత్తలోపల కాదు.

రెండోది రంగు మారే గీత. అలలు ఒడ్డు మట్టిని కెలికి నీళ్లను ఎర్రగా చేస్తాయి. కొంత దూరం పోయాక నీళ్లు మళ్లీ తేటగా ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట స్పష్టంగా ఒక అంచు కనిపిస్తుంది, కట్ట మీద నిలబడి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. బంగారుతీగ చేప బురదలో మేస్తుంది, రవ్వ అంచు వెంట తిరుగుతుంది. ఎర్ర మట్టి వైపు ఒక గాలం, తేట వైపు ఒక గాలం వేసి అరగంట చూడండి. ఏది ముందు కదిలితే రెండోదాన్ని అక్కడికే మార్చండి.

మూడోది ముక్కు. నీళ్లు తగ్గితే బయటపడే శిఖం భూమిలోంచి చెరువులోకి పొడుచుకొచ్చిన నేల. గాలి దాని పక్కగా కొట్టుకుంటూ పోతే కొస దగ్గర నీళ్లు సుడి తిరుగుతాయి. ఆ కొసను దాటిన వెంటనే, చాటు మొదలయ్యేచోట, చేప ఆగి తిండి వచ్చేదాకా ఎదురుచూస్తుంది.

నాలుగోది నురగ చారలు. బాగా గాలి వీచే రోజు కట్ట మీది నుంచి చూడండి, గాలి పోయే దిక్కులోనే పొడవాటి తెల్లని గీతలు, ఒకదాని పక్కన ఒకటి, చెరువు మీద దువ్వెనతో దువ్వినట్టు కనిపిస్తాయి. నీళ్లు కింద గుండ్రంగా దొర్లుతూ, పక్కపక్కనున్న దొర్లుళ్లు పైన కలిసేచోట తేలేదంతా గీతగా చేరుతుంది. ఇర్వింగ్ లాంగ్మ్యూర్ అనే శాస్త్రవేత్త 1938లో దీన్ని వివరించాడు, అందుకే వీటికి ఆయన పేరే పెట్టారు. చల్లని దేశాల్లో ట్రౌట్ పట్టేవాళ్లు ఈ గీతల వెంటే పడవ వదులుతారు, ఎందుకంటే పురుగులు అక్కడే వరుసగా తేలుతుంటాయి. మనకు పడవ అవసరం లేదు. గీత ఒడ్డును తాకేచోట కూర్చుంటే చాలు.

తూము గురించి అందరూ అడుగుతారు. తూము తెరిచి ఉంటే దాని నోటి దగ్గర నీళ్ల లాగుడు ఉంటుంది, చేప కూడా ఉంటుంది. అక్కడ కూర్చోవద్దు. లాగుడు మనిషినీ లాగుతుంది, గాలం తూములో ఇరుక్కుంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషితో గొడవ.

ఇక చలికాలం మినహాయింపు. డిసెంబరులో పొద్దున చలికి చేప లోతున మందంగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు పైనీళ్లు కొంచెం వేడెక్కాక, మెత్తని తూర్పు గాలి ఆ వెచ్చటి పొరను పడమటి ఒడ్డుకు చేరుస్తుంది. ఒంటిగంట తర్వాత అటు పొండి. గాలి మాత్రం అప్పుడు చాలా తక్కువుంటుంది కాబట్టి ఆకుల తెట్టె ఎటు జరుగుతుందో చూసే తెలుసుకోవాలి.

నాలుగో మెట్టు: ఏ చేపకు ఏ లోతు

బొచ్చె పైనీళ్లలో తిరిగే చేప, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. గాలి తోసుకొచ్చిన సన్నని జీవులే దాని తిండి. గాలి తగిలే ఒడ్డున, మీటరు మీటరున్నర లోతులో ఎర ఉండాలి. రవ్వ నడిమి నీళ్లది, కొంచెం కిందికి. మృగాల, బంగారుతీగ అడుగున. గడ్డిచేప గడ్డి అంచున తిరుగుతుంది, గాలి దానికి పెద్ద లెక్క కాదు.

కొర్రమీను కోసం పోతే ఇంతదాకా చెప్పిందంతా తిరగేసి చదవండి. మన రాష్ట్ర చేప అయిన కొర్రమీను గాలి పీల్చుకోగలదు, నీళ్లలో ఊపిరి తక్కువైనా దానికి దిగులు లేదు. తామరాకుల కింద, తుంగలో, కదలని నీళ్లలో పొంచి ఉండి కప్పల మీద దూకడం దాని పద్ధతి. అల కొట్టే కట్ట దగ్గర దానికి పనిలేదు. చాటు ఒడ్డున, గడ్డి సందుల్లో చిన్నకప్ప లాంటి రబ్బరు ఎర ఆడించండి. తుమ్మచెట్ల కింద కూర్చునే హక్కు ఆ ఒక్క రోజుకే ఉంది.

ఐదో మెట్టు: సామాను సరిచేసుకోవడం

గాలి రోజుకు కొత్త కట్టె కొనక్కర్లేదు. ఎనిమిది నుంచి పది అడుగుల మామూలు కట్టె, రీలు, 0.30 మిల్లీమీటర్ల నైలాను దారం సరిపోతాయి. లావు దారం బలమైనదే గానీ గాలిని ఎక్కువ పడుతుంది. నీళ్లకూ కట్టె కొనకూ మధ్య దారం విల్లులా వంగి, ఎరను తనే లాక్కుపోతుంది. గాలి రోజు సగం కష్టాలు ఈ విల్లు వల్లే.

దాన్ని తగ్గించడానికి నేను చేసేవి రెండు. వేసిన వెంటనే కట్టె కొనను నీళ్లలో అర అడుగు ముంచి, రీలును రెండు చుట్లు వేగంగా తిప్పుతాను. దారం నీటి కిందికి పోతుంది, గాలికి దొరకదు. రెండోది, ఇంటి నుంచి బయల్దేరే ముందే గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు ముంచిన గుడ్డతో దారం మొదటి ముప్పై మీటర్లు తుడుస్తాను. నూనె జిడ్డు పోయి దారం తేలకుండా మునుగుతుంది.

బెండు వాడాలంటే, నెమలి ఈక బెండు, సన్నని బెండు సంచిలోనే ఉంచండి. కింది వైపు బరువున్న పొడవాటి బెండు తీసుకుని, దారాన్ని దాని కింది కొసకు మాత్రమే కట్టండి. పైనా కిందా కట్టిన బెండు గాలికి జెండాలా పోతుంది. ఒక్క కొసకే కడితే దారం మునిగి ఉంటుంది, బెండు నిలబడుతుంది.

ఇక్కడే చాలామందికి అంతుపట్టని విషయం ఒకటుంది. గాలి పైనీళ్లను ఒడ్డుకు తోస్తుంది కదా, ఆ నీళ్లు ఎక్కడికో పోవాలి. అవి ఒడ్డు దగ్గర కిందికి దిగి అడుగు నుంచి వెనక్కి, చెరువు నడిమికి పోతాయి. అందువల్ల మీ బెండు మీ వైపు వస్తుంటే, అడుగున ఎర మీకు దూరంగా పోతుంటుంది. ఎర సహజంగా ఆ కింది ప్రవాహంతో పోతే చేప పట్టుకుంటుంది. బెండు దాన్ని ఎదురు లాగితే అనుమానపడుతుంది. అందుకే అల గట్టిగా ఉన్న రోజు బెండు తీసేసి అడుగు గాలమే వేయమంటాను.

అడుగు గాలానికి 30 నుంచి 60 గ్రాముల సీసం. గుండ్రంది కాకుండా బల్లపరుపుది తీసుకోండి, గుండు అలకు దొర్లుతుంది. బజారులో దొరక్కపోతే గుండ్రని సీసాన్ని సుత్తితో రెండు దెబ్బలు కొట్టండి. సీసం దారంలో జారేటట్టు ఉండాలి, అప్పుడే చేప ఎర లాగినప్పుడు బరువు తగలదు. కొక్కేలు రవ్వకు 6, 8 నంబర్లు. బొచ్చెకు మన దగ్గర చాలామంది స్ప్రింగు గాలం వేస్తారు, స్ప్రింగు చుట్టూ ముద్ద పెట్టి నాలుగైదు కొక్కేలు వేలాడదీస్తారు. గాలి రోజు అది చిక్కులు పడే మాట నిజమే, అయినా బొచ్చెకు దాన్ని మించింది నేను చూడలేదు. కొక్కేలు రెండుకు తగ్గించండి.

ఆరో మెట్టు: ఎర, మేత

ఎర్రలకు ఇంటి వెనక వాడిన నీళ్లు పారే తడి నేలలో తవ్వితే చాలు. జెల్లలకు, బంగారుతీగకు, జిలేబికి వాటిని మించింది లేదు. రవ్వకు ఉడికించిన మక్క గింజలు బాగా పనిచేస్తాయి. ఒక రాత్రి నానబెట్టి, గోరుతో నొక్కితే దిగేదాకా ఉడికించాలి. అలలో కూడా కొక్కేన్ని వదలదు, చిన్న చేపలు పీక్కుతినలేవు. గాలి రోజు మక్క నా మొదటి ఎంపిక.

ముద్ద కావాలంటే రెండు పాళ్లు వేయించిన తవుడు, ఒక పాలు పల్లిచెక్క పొడి, ఒక పాలు గోధుమపిండి. వాసనకు సోంపు పొడి చిటికెడు. మామూలు రోజు కలిపే దానికంటే గట్టిగా, చపాతి పిండి కంటే ఒక పిసరు గట్టిగా కలపండి, లేకపోతే అల రెండు నిమిషాల్లో కరిగిస్తుంది. కొంచెం దూది పీకి ముద్దలో కలిపితే కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. అది మా మేనమామ నేర్పిన పాత ఉపాయం.

మేత విసరడంలో అందరూ ఒకే తప్పు చేస్తారు. తవుడు పొడిగా గాలికి ఎదురు విసిరితే సగం మీ ముఖానికే వస్తుంది, మిగతా సగం తేలి రాళ్లకు కొట్టుకుంటుంది. మట్టి కలిపి నారింజకాయంత ఉండలు చేసి, ఎర వేయబోయే చోటికి ఒడ్డు వైపు రెండు మూడు మీటర్లు దగ్గరగా వేయండి. అడుగు ప్రవాహం దాన్ని ఎర వైపు తీసుకుపోతుంది. మొదట నాలుగు ఉండలు, ఆ తర్వాత అరగంటకు ఒకటి. కడుపు నింపొద్దు.

ఏడో మెట్టు: విసరడం

గాలికి ఎదురు విసరడం కష్టం, కానీ గాలి రోజు చేప ఒడ్డు దగ్గరికే వస్తుందని ముందే చెప్పాను, దూరం అవసరం లేదు. పదిహేను మీటర్లు చాలు. కట్టెను తల మీది నుంచి పైకి ఎత్తి వేస్తే సీసం ఆకాశంలోకి పోయి గాలికి వెనక్కి వస్తుంది. నడుము ఎత్తులో పక్క నుంచి, నీళ్లకు సమాంతరంగా తక్కువ ఎత్తులో పంపండి. సీసం నీళ్లలో పడే క్షణానికి ముందు వేలితో దారాన్ని మెల్లగా ఆపితే ఎర ముందుకు సాగి పడుతుంది, చిక్కుపడదు.

గాలి పక్క నుంచి వీస్తుంటే గాలి వచ్చే వైపుకు కొంచెం ఎక్కువ వేయండి. మీరు కుడిచేతివాటం అయితే, గాలి కుడి నుంచి కొట్టేచోట అసలు నిలబడకండి. విసిరేటప్పుడు కొక్కెం మీ తల మీదికే వస్తుంది. నేను దీన్ని చెవితో నేర్చుకున్నాను. ధర్మసాగరం వైపు పోయినప్పుడు ఒక గాలి కొట్టుకు 6 నంబరు కొక్కెం ముల్లుతో సహా చెవి తమ్మెలో దిగింది. స్నేహితుడు పీకబోతే ఆపాను. ముల్లు దిగిన కొక్కేన్ని వెనక్కి లాగితే మాంసం చిరుగుతుంది. దారం కోసి, కదలకుండా గుడ్డ కట్టి, డాక్టరు దగ్గరికి పోయి తీయించుకుని, ధనుర్వాతం సూది వేయించుకున్నాను. అప్పటి నుంచి టోపీ, కళ్లద్దాలు లేకుండా గాలి రోజు కట్టె ముట్టను. కొక్కెం ముల్లును కూడా పటకారతో నొక్కేస్తున్నాను, చేప తప్పిపోయేది చాలా తక్కువ.

ఎనిమిదో మెట్టు: కాటు తెలుసుకోవడం

గాలి రోజు కట్టె కొనకు గంట కట్టొద్దు. గంట రోజంతా మోగుతుంది, మీరు రోజంతా లేస్తారు. కట్టెను నిలువుగా కాకుండా నీళ్లకు దగ్గరగా, కొన దారం వైపు చూసేటట్టు పెట్టండి. దారాన్ని చూపుడు వేలు మీద ఉంచండి. అల ఊపు ఒక లయలో ఉంటుంది, వస్తుంది, పోతుంది. చేప ఆ లయను తప్పిస్తుంది. పదిహేను నిమిషాలు కూర్చుంటే వేలికే తేడా అర్థమవుతుంది. ఒక్కసారిగా దారం వదులైపోతే అదీ కాటే, చేప ఎర తీసుకుని మీ వైపు వస్తోందన్నమాట. దారంలో ఎలాగూ కొంత విల్లు ఉంటుంది కాబట్టి, మామూలు కంటే పొడవుగా, గట్టిగా వెనక్కి లాగాలి.

పడ్డాక రాతి కట్టుబడి దగ్గరే ఎక్కువ చేపలు పోతాయి. అల దాన్ని రాళ్ల మీదికి విసురుతుంది, దారం అంచుకు రాసుకుని తెగుతుంది. కట్టె పైకెత్తి, చేపను ఒడ్డుకు రెండు మీటర్ల దూరంలోనే అలసిపోనిచ్చి, అల లోపలికి వచ్చే ఊపుతోపాటు పొడవు పిడి ఉన్న చేతివలలోకి జార్చండి. అల వెనక్కి పోయేటప్పుడు లాగొద్దు.

ఎప్పుడు లేచిపోవాలి

ఉరుము వినపడగానే. దీనికి చర్చ లేదు. ఇప్పటి కట్టెల్లో చాలావరకు కార్బన్‌తో చేసినవి, కరెంటు పారుతుంది, కట్ట మీద అన్నిటికంటే ఎత్తున ఉన్నది మీరే. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. ముప్పై లెక్కపెట్టేలోపు ఉరిమితే పిడుగు మిమ్మల్ని చేరేంత దగ్గర్లో ఉంది. కట్టె కింద పడేసి కట్ట దిగండి, ఒంటరి చెట్టు కిందికి పోకండి, కారులోనో పక్కా ఇంట్లోనో ఉండండి. మే నెల నాలుగింటి గాలి ఎప్పుడూ ఉరుమును వెంటబెట్టుకునే వస్తుంది, అందుకే ఆ గాలికి నేను గాలం వేయను.

గాలి రోజు తెప్ప, పుట్టి, థర్మకోల్ తెప్ప ఏదీ ఎక్కకండి. సంఘంవాళ్లు పోతున్నారు కదా అనొద్దు. వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు, అయినా పెద్ద గాలికి వాళ్లూ పోరు. నడుము లోతు దిగి వేయడం కూడా వద్దు. మిషన్ కాకతీయలో, ఆ తర్వాత పొలాలకు మట్టి తోలుకున్నప్పుడు జేసీబీలు తవ్విన గుంటలు చాలా చెరువుల్లో అలాగే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లలో నడుస్తుంటే పక్క అడుగే రెండు నిలువుల లోతు కావచ్చు. కట్టుబడి రాళ్ల మీద పాచి ఉంటుంది, రాళ్ల సందుల్లో పాములుంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

గాలి పడ్డాక

ఐదున్నర, ఆరుకు గాలి తగ్గుతుంది. అప్పుడు అందరూ సర్దుకుంటారు, చాయ్ మీదికి మనసు పోతుంది. మీరు మాత్రం అక్కడే ఉండండి. రోజంతా గాలి తోసిన తిండి ఆ ఒడ్డునే తేలుతూ ఉంటుంది, దానికోసం వచ్చిన చేప కూడా వెంటనే పోదు. నీళ్లు నూనెలా నిలబడ్డాక బొచ్చెలు పైకొచ్చి బుడగలు వదలడం కనిపిస్తుంది. సీసం తీసేసి, పొద్దుటి నుంచి సంచిలో ఉన్న ఆ సన్నని బెండు ఇప్పుడు కట్టండి, మీటరు లోతు, ఒక్క మక్క గింజ. అడుగుల చప్పుడు కాకుండా కట్ట మీద కూర్చునే వేయండి, ఇప్పుడు మిమ్మల్ని దాచడానికి అల లేదు. చీకటి పడి బెండు కనిపించకుండా పోయేదాకా ఇంకో ముప్పావుగంట ఉంటుంది.